ఇద్దరమూ ఇంటి నుంచే పని: చలికాలం గ్యాస్ బిల్లు అదుపులో పెట్టడం ఎలా? (యూకేలో ఉన్నవాళ్లు చెప్పండి)

గోదారిగట్టు | రీడింగ్

నమస్కారమండీ. మాది 1930ల నాటి సెమీ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన ఇల్లు), మూడు బెడ్‌రూములు, అద్దె ఇల్లు. ఆయన పై గదిలో, నేను కింద డైనింగ్ టేబుల్ దగ్గర, ఇద్దరమూ ఇంటి నుంచే పని. ఆఫీసులకు వెళ్లే రోజుల్లో హీటింగ్ పొద్దున ఓ గంట, సాయంత్రం నాలుగు గంటలు నడిచేది. ఇప్పుడు పొద్దున ఆరున్నర నుంచి రాత్రి పదింటి దాకా థర్మోస్టాట్ 20 మీదే ఉంటోంది. జనవరిలో మీటర్ 190 క్యూబిక్ మీటర్లు తిరిగింది. స్టాండింగ్ చార్జీతో (వాడినా వాడకపోయినా రోజూ పడే రుసుము) కలిపి గ్యాస్‌కే 137 పౌండ్లు. కరెంటు వేరే.

హీటింగ్ రోజంతా సన్నగా వేసి ఉంచడం మేలా, గంటల లెక్కన వేసి ఆపడం మేలా? మొత్తం ఇల్లు వేడి చేసే బదులు పనిచేసే గదుల్లో కరెంటు హీటర్లు పెట్టుకుంటే కలిసొస్తుందా? మా అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా "పొయ్యి తక్కువ వాడవే, కూరలు రెండు పూటలకీ ఒకేసారి చేసేయ్" అంటుంది. వంట వల్ల నిజంగా అంత తేడా ఉంటుందా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఫిబ్రవరి ఆఖర్లో మా అత్తయ్యా మావయ్యా రాజమండ్రి నుంచి వస్తున్నారు. వాళ్లను వణికించి మిగుల్చుకునే డబ్బు నాకొద్దు. అలా కాకుండా తగ్గే దారి ఉంటే చెప్పండి.

ఓరుగల్లుబిడ్డ | స్లౌ

అక్కా, మేమైతే గ్యాస్ పొయ్యి బందువెట్టినం. అన్నం, పప్పు, ఇడ్లీలు అన్నీ కరెంటు కుక్కర్ల, ఇండక్షన్ మీదనే. గ్యాస్ వాడకమే ఉండదు ఇగ. ఒక నెల చేసి చూడు.

లెక్కలపద్దు | లీడ్స్

తమ్ముడూ, ఆ సలహా మనూళ్లో సిలిండర్ తెప్పించుకునేవాళ్లకు సరిపోతుంది. ఇక్కడి లెక్క వేరు.

ముందు అక్కగారి మీటర్ చూద్దాం. మీటర్ చూపించేది గ్యాస్ ఘనపరిమాణం, బిల్లు వేసేది కిలోవాట్-గంటల మీద. క్యూబిక్ మీటర్ల అంకెను సుమారు 11.2తో గుణిస్తే కిలోవాట్-గంటలు వస్తాయి. 190ని గుణిస్తే దాదాపు 2,130 యూనిట్లు. 2026 జనవరి నుంచి మార్చి దాకా ఆఫ్‌జెమ్ (ఇక్కడ గ్యాస్, కరెంటు ధరలకు పరిమితి పెట్టే నియంత్రణ సంస్థ) ధర యూనిట్‌కు 6 పెన్నీల లోపు, స్టాండింగ్ చార్జీ రోజుకు 35 పెన్నీల చుట్టూ. బిల్లు సరిగ్గానే వచ్చింది. (పాత మీటర్లు కొన్ని క్యూబిక్ అడుగుల్లో ఉంటాయి, వాటికి ఈ 11.2 పనికిరాదు. మీటర్ మీద ఏం రాసుందో చూసుకోండి.)

ఇప్పుడు వంట. నాలుగు బర్నర్ల పొయ్యి మీద ఇద్దరు పెద్దవాళ్లకు, ఒక పిల్లకు మన వంట వండితే రోజుకు రెండు మూడు యూనిట్లు కాలుతుంది. నెలకు ఐదు పౌండ్ల లోపు. 137లో ఐదు! 14.2 కిలోల ఇండియా సిలిండర్‌లో ఉండే శక్తి 190 యూనిట్ల చిల్లర. అంటే అక్కగారి ఇల్లు ఒక్క జనవరిలోనే పదకొండు సిలిండర్లకు సమానమైన గ్యాస్ కాల్చింది, అందులో పొయ్యి వాటా అర సిలిండర్ కూడా లేదు. మిగతాదంతా రేడియేటర్లు, స్నానాల నీళ్లు. మనం చిన్నప్పటి నుంచి గ్యాస్ అంటే వంట అనుకుంటూ పెరిగాం. అందుకే బిల్లు చూడగానే చెయ్యి ముందు పొయ్యి దగ్గరికే పోతుంది.

ఇక అదే మూడు నెలలకు కరెంటు యూనిట్ 27 పెన్నీలు దాటింది, గ్యాస్‌కు నాలుగు రెట్ల పైమాటే. ఇండక్షన్ వేడిని వృథా చేయదు, నిజమే. గ్యాస్ పొయ్యి మంటలో సగానికి పైగా గిన్నె పక్కల నుంచే పోతుంది, అదీ నిజమే. ఆ రెండూ కలుపుకున్నా కరెంటు వంటకే డబ్బు ఎక్కువవుతుంది.

ఓరుగల్లుబిడ్డ | స్లౌ

గట్లనా! మరి మా కరెంటు బిల్లు పెరిగింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది అన్నా. కానీ మా ఆవిడకు ఇండక్షన్ నచ్చింది, పొగ లేదు, వేడి లేదు అంటది. అది ఉంచుకుంటం.

లెక్కలపద్దు | లీడ్స్

ఉంచుకోండి, మంచిదే. గ్యాస్ మంట ఇంట్లో గాలిని పాడుచేస్తుంది, తేమ కూడా వదులుతుంది. డబ్బు మిగులుతుందని మాత్రం అనుకోవద్దు.

అక్కగారి రెండో ప్రశ్నకు. రెండు కిలోవాట్ల ఆయిల్ రేడియేటర్ గది వేడెక్కాక ఆగి ఆగి నడుస్తుంది. ఎనిమిది గంటలకు ఐదారు యూనిట్లు అనుకుంటే పౌండున్నర. పగటి పూట ఇల్లంతా వేడి చేయడానికి గ్యాస్ పాతిక ముప్పై యూనిట్లు తాగుతుంది అనుకుందాం, అది పౌండున్నర నుంచి పౌండున్నర పైన ఇంకో ముప్పై పెన్నీలు. ఒక్కరే, ఒక్క చిన్న గదిలో అయితే సరికి సరి, లేదా కాస్త మిగులు. మీరు ఇద్దరు, రెండు గదులు. రెండు హీటర్లు పెడితే నష్టమే, పైగా మిగతా ఇల్లు చల్లబడిపోతుంది. ఫ్యాన్ హీటర్ జోలికైతే అసలు పోవద్దు.

కరెంటుతో నిజంగా కలిసొచ్చేది ఒంటిని వేడి చేసే వస్తువులే. వేడి దుప్పటి, అదే హీటెడ్ త్రో, 100 వాట్ల చుట్టూ ఉంటుంది. రోజంతా ఒళ్లో కప్పుకు కూర్చున్నా పావు పౌండు కాదు. నేను 18 దగ్గర పనిచేస్తాను, కాళ్ల మీద అది, పైన ఊలు స్వెట్టర్. చేతివేళ్లు కొంకర్లు పోవు.

బాయిలర్‌పక్కన | బర్మింగ్‌హామ్

నేను భవనాలకు హీటింగ్ డిజైన్ చేసే పనిలో ఉన్నాను. గ్యాస్ సేఫ్ ఇంజనీర్‌ని (గ్యాస్ పనులు చేయడానికి రిజిస్టరైన మనిషిని) కాదు, కాబట్టి బాయిలర్ మూత విప్పే మాట ఏదీ నా నోట రాదు. మీరూ విప్పకండి. బయట కనిపించే, చేత్తో తిప్పే మరలు (డయల్స్), బటన్లతోనే చాలా చేయొచ్చు.

గోదారిగట్టు గారూ, మీది కాంబీ బాయిలరేనా, అంటే వేడినీళ్లు నిల్వ పెట్టకుండా అప్పటికప్పుడు కాచి ఇచ్చేదేనా? వేడినీళ్ల సిలిండర్ వేరేగా ఏదైనా అల్మారాలో ఉందా?

గోదారిగట్టు | రీడింగ్

కాంబీనేనండీ, వంటింట్లోనే గోడకు ఉంది. సిలిండర్ లేదు. ముందు భాగంలో రెండు గుండ్రటి మరలు, ఒకదాని మీద రేడియేటర్ బొమ్మ, ఇంకోదాని మీద కుళాయి బొమ్మ. రేడియేటర్‌ది దాదాపు చివరి దాకా తిప్పి ఉంది. మేం వచ్చినప్పటి నుంచి అలానే ఉంది.

బాయిలర్‌పక్కన | బర్మింగ్‌హామ్

అదే అనుకున్నాను. చాలా ఇళ్లలో అలానే వదిలేసి పోతారు. ఇది అందరూ చదవాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇప్పటి బాయిలర్లన్నీ కండెన్సింగ్ బాయిలర్లు. గ్యాస్ కాలినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి బాయిలర్ లోపలే చల్లబడి నీరైతే, దానిలో దాగిన వేడి కూడా మన రేడియేటర్లకు చేరుతుంది. అలా జరగాలంటే రేడియేటర్లన్నీ తిరిగి బాయిలర్‌కు వెనక్కి వచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. మర చివరి దాకా తిప్పితే నీళ్లు 75, 80 డిగ్రీలతో బయలుదేరి 60 పైనే వెనక్కి వస్తాయి. ఆవిరి ఆవిరిగానే గోడ బయటి గొట్టంలోంచి పోతుంది. మీరు డబ్బిచ్చి కొన్న వేడి వీధిలోకి పోతోందన్నమాట.

రేడియేటర్ మరను 60 దగ్గరికి తగ్గించండి. అంకెలు లేకపోతే సగానికి కాస్త పైన. ఇది గది ఉష్ణోగ్రత కాదు, గోడ మీద థర్మోస్టాట్‌ను ముట్టుకోనక్కర్లేదు. గది అదే 20కి చేరుతుంది, కాకపోతే ఇంకొంచెం నెమ్మదిగా. రేడియేటర్ ముట్టుకుంటే చుర్రుమనదు, గోరువెచ్చటి కంటే ఎక్కువ ఉంటుంది. అది చెడిపోయిందని కంగారుపడకండి. ఇంట్లో ఉండే మనలాంటివాళ్లకు ఇది మరీ అనుకూలం, ఎందుకంటే మనకు అరగంటలో ఇల్లు వేడెక్కే తొందర లేదు. బాగా గడ్డకట్టే రోజుల్లో గది చేరాల్సిన వేడికి చేరకపోతే 65కి పెంచండి.

సిలిండర్ ఉన్న ఇళ్లవాళ్లకు ఒక్క హెచ్చరిక: సిలిండర్‌లో నీళ్లు 60కి తగ్గకూడదు, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. ఈ సలహా యథాతథంగా కాంబీలకే.

మినపసున్ని | క్రాయిడన్

మరి రోజంతా సన్నగా వేసి ఉంచితే తక్కువ కాలుతుందని మా ఆఫీసులో ఇంగ్లీషువాళ్లు కూడా బల్లగుద్ది చెబుతారు. అదీ నిజమేనా అన్నయ్యా?

బాయిలర్‌పక్కన | బర్మింగ్‌హామ్

ఇల్లు చిల్లి కుండ లాంటిదమ్మా. నీటి మట్టం ఎంత ఎత్తులో ఉంటే చిల్లిలోంచి అంత జోరుగా కారుతుంది. లోపలి వేడికీ బయటి చలికీ తేడా ఎక్కువగా ఉన్నన్ని గంటలూ వేడి ఎక్కువగా పోతూనే ఉంటుంది. మనుషులు లేని గంటల్లో, పడుకున్న గంటల్లో చల్లబడనిస్తే ఆ మేరకు మిగులే. మళ్లీ వేడెక్కించడానికి పట్టేది ఆ మిగులును మించదు. కాబట్టి రాత్రంతా 20లో ఉంచడం దండగ, 16కో 17కో తగ్గించండి.

పగలు మనుషులున్న గదిని మాత్రం నిలకడగా ఉంచుకోండి. గంటకోసారి వేసి, ఆపి, మళ్లీ చలేసి 24కి తిప్పడం వల్ల ఒరిగేది లేదు. థర్మోస్టాట్‌ను 24కి తిప్పితే గది తొందరగా వేడెక్కదు, ఎక్కువసేపు వేడెక్కుతుంది, అంతే.

ఇంకో సంగతి. థర్మోస్టాట్ హాల్లో వీధి తలుపు పక్కన ఉంటే, అక్కడి చలిని చూసి అది బాయిలర్‌ను నడుపుతూనే ఉంటుంది, పై గది ఉడికిపోతుంది. వైర్‌లెస్‌దైతే, స్టాండు మీద ఉండేదైతే, మీరు పనిచేసే గదిలోకి తెచ్చి పెట్టుకోండి. ఆ గది రేడియేటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంచాలి. మిగతా గదుల వాల్వులు 2 మీద, తలుపులు వేసి. వాల్వు మీద 3 అంటే సుమారు 20 డిగ్రీలు.

చెమ్మగోడ | మాంచెస్టర్

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది, గట్టిగానే చెబుతున్నాను. "మిగతా గదులు ఆపేయండి" అనే సలహా విని పూర్తిగా సున్నా మీద పెట్టేవాళ్లు చాలామంది. మేముండే పాత టెర్రస్ ఇంట్లో (వరసగా అతుక్కుని ఉండే ఇళ్లలో ఒకటి) బయటి గోడకు ఆనించిన బీరువా వెనక నల్లటి బూజు పట్టింది. బాబుకు ఉబ్బసం. ఆ దగ్గు వింటూ రాత్రుళ్లు కూర్చున్నదాన్ని నేను.

మన ఇళ్లలో తేమ ఎక్కువ. ఇడ్లీ పాత్ర ఆవిరి, కుక్కర్ ఆవిరి, చారు మరగడం, పైగా రేడియేటర్ల మీద ఆరేసే బట్టలు. ఒక వాయి బట్టలు లోపల ఆరితే రెండు లీటర్ల దాకా నీళ్లు ఇంటి గాలిలో కలుస్తాయి. పగలంతా ఇంట్లోనే ఉంటే మన ఊపిరి తేమ కూడా తోడు. ఆ తేమంతా వెళ్లి అన్నిటికంటే చల్లటి గోడ మీద చేరుతుంది. మనం వేడి చేయకుండా వదిలేసిన గదే ఆ చల్లటి గోడ.

రోచ్‌డేల్‌లో 2020లో రెండేళ్ల పసివాడు ఇంట్లోని బూజు వల్లే చనిపోయాడు. ఆ పిల్లాడి పేరు మీదే అవాబ్ చట్టం వచ్చింది, ఇంగ్లండ్ సోషల్ హౌసింగ్‌లో (కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో) 2025 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. బూజు అంటే తుడిచేసుకునే మరక కాదు. మనుషులుండే గదులు 18కి తగ్గొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే ఇంకాస్త పైనే ఉంచమంటుంది.

పొయ్యి వెలిగించగానే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, వంటింటి తలుపు మూయండి. పొద్దున పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తీయండి. పది నిమిషాలకు గోడలు చల్లబడవు, తడి గాలి మాత్రం పోతుంది. బట్టలు ఒకే గదిలో, తలుపేసి, డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ పీల్చే యంత్రం) పెట్టి ఆరేయండి. అది 200 వాట్ల చుట్టూ తీసుకుంటుంది, ఆ ఖర్చు నాకు ఖర్చులా అనిపించదు. బీరువాలు గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి.

బాయిలర్‌పక్కన | బర్మింగ్‌హామ్

చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను 2 అన్నది అందుకే, సున్నా కాదు. పాత గట్టి ఇటుక గోడల ఇళ్లలో 2 కూడా తక్కువైతే రెండున్నర పెట్టండి.

ఐదుగురంఒకటే | లెస్టర్

అన్నా, మేం ఎమ్మెస్ స్టూడెంట్స్‌మి, ఐదుగురం ఒకే ఇంట్లో. ప్రీపేమెంట్ మీటర్, ముందే డబ్బు వేసి వాడుకునేది. క్రిస్మస్ సెలవుల్లో హీటింగ్ ముట్టుకోలేదు, అయినా బ్యాలెన్స్ తగ్గిపోయింది. మీటర్‌లో తప్పుందా?

లెక్కలపద్దు | లీడ్స్

తప్పు లేదు తమ్ముడూ, స్టాండింగ్ చార్జీ. వాడినా వాడకపోయినా రోజూ పోతుంది. ఎండాకాలంలో కూడా వారానికి కొంత వేసి ఉంచండి, లేకపోతే అక్టోబర్‌లో మొదటి టాప్-అప్ మొత్తం పాత బాకీకే పోతుంది. ఇంకోటి, ఆఫ్‌జెమ్ పరిమితి యూనిట్ ధర మీద, స్టాండింగ్ చార్జీ మీదే. మొత్తం బిల్లుకు పరిమితి అనుకుని ఎవరూ ధైర్యంగా వాడేయకండి.

స్నానాలు చూసుకోండి, ఐదుగురు కదా. పది నిమిషాల షవర్‌కు నాలుగు యూనిట్ల గ్యాస్, దాదాపు పావు పౌండు. బకెట్‌తో పోసుకుంటే ఐదారు పెన్నీలు. మీ బాత్‌రూములో గోడకు తెల్లటి ఎలక్ట్రిక్ షవర్ పెట్టె ఉంటే అది నడిచేది కరెంటుతో, పది నిమిషాలకు నలభై పెన్నీలు.

మంచుదారి | టొరంటో

మా దగ్గర రేడియేటర్లు ఉండవు, ఫర్నెస్ వేడి గాలిని గొట్టాల్లోంచి అన్ని గదులకూ ఊదుతుంది. పనిచేయని గదుల గాలి రంధ్రాలన్నీ మూసేస్తే ఫర్నెస్‌కు ఒత్తిడి పెరుగుతుంది, అది చేయొద్దని మెకానిక్ చెప్పాడు. యూకే చిట్కా ఇక్కడ నేరుగా పనికిరాదు. మీకు తడి గోడల బాధ, మాకు చలికాలమంతా గాలి పొడిబారి పెదాలు పగలడం. ఇడ్లీ ఆవిరి మాకు వరం.

పన్నులపట్టిక | మిల్టన్ కీన్స్

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) వారానికి 6 పౌండ్ల మీద పన్ను మినహాయింపు ఇచ్చేదని మీకు తెలిసే ఉంటుంది. చేతికొచ్చేది 20 శాతం పన్ను కట్టేవాళ్లకు ఏడాదికి 62 పౌండ్ల 40 పెన్నీలు. కోవిడ్ రెండేళ్లూ దాదాపు అందరికీ ఇచ్చారు. 2022 ఏప్రిల్ నుంచి మనంతట మనం ఇంటి నుంచి పని ఎంచుకుంటే ఇవ్వలేదు, ఉద్యోగం తీరు వల్ల ఇంటి నుంచే చేయక తప్పనివాళ్లకే. 2026 ఏప్రిల్ 6 నుంచి అది కూడా లేదు. అప్పట్లో అర్హత ఉన్నవాళ్లు వెనకటి నాలుగేళ్లకు ఇంకా క్లెయిమ్ చేసుకోవచ్చు, ఆలస్యం చేయకండి. కమిషన్ తీసుకుని చేసిపెడతామనే ఏజెంట్లు వద్దు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మనమే చేసుకోవచ్చు. కంపెనీ తానే వారానికి 6 పౌండ్లు ఇస్తే దాని మీద పన్ను లేదు, అది కొనసాగుతుంది. హెచ్‌ఆర్‌ని అడగడంలో తప్పేం లేదు.

గోదారిగట్టు | రీడింగ్

అందరికీ చాలా థాంక్సండీ. ఏం చేశామో చెబుతాను. రేడియేటర్ మర 60కి తగ్గించాం. థర్మోస్టాట్ వైర్‌లెస్‌దే, పైకి తెచ్చుకున్నాం. నేనూ కింద నుంచి పైకి మారాను, దక్షిణం వైపు కిటికీ ఉన్న ముందు గదిలోకి. ఎండ వచ్చిన రోజు మధ్యాహ్నం హీటింగే అక్కర్లేదు. మీటింగులు ఒకరివి ఒకరికి అడ్డు కాబట్టి ఒకే గది కుదరలేదు. ఇద్దరికీ చెరో వేడి దుప్పటి కొన్నాం. పాప నర్సరీ నుంచి వచ్చే వేళకు హాల్ వాల్వ్ 3 మీదకి తిప్పుతున్నాం. వీధి తలుపులో ఉత్తరాలు వేసే లెటర్‌బాక్స్ సందుకు బ్రష్, తలుపు కింద సందుకు పట్టీ పెట్టాం. ఆ తలుపు దగ్గర కాళ్లకు తగిలే చలిగాలి ఆగిపోయింది, అన్నిటికంటే అదే ముందు తెలిసింది.

రోజుకు ఆరు క్యూబిక్ మీటర్ల పైన తిరిగే మీటర్ ఇప్పుడు 3.9 చూపిస్తోంది!

లెక్కలపద్దు | లీడ్స్

చాలా బాగుందండీ. అయితే మొత్తం తగ్గుదలను ఆ మార్పుల ఖాతాలో వేయకండి, వాతావరణం కూడా మారింది. జనవరిలో మీ వైపు సగటు ఎంత ఉంది, ఇప్పుడెంత?

గోదారిగట్టు | రీడింగ్

ఫోన్‌లో చూస్తే అప్పుడు మూడున్నర, ఈ వారం ఆరున్నర.

లెక్కలపద్దు | లీడ్స్

అయితే ఇలా చూడండి. 15.5లోంచి బయటి సగటును తీసేయాలి, దాన్ని డిగ్రీ-డే అంటారు. జనవరిలో రోజుకు 12, ఇప్పుడు 9. వంటకూ స్నానాలకూ పోయేది చలిని బట్టి అంతగా మారదు, మీకు రోజుకు 0.8 అనుకుందాం. జనవరిలో 6.1లోంచి 0.8 పోతే 5.3, దాన్ని 12తో భాగిస్తే 0.44. ఇప్పుడు 3.1ని 9తో భాగిస్తే 0.34. అంటే అంతే చలికి ఐదో వంతుకు పైగా తక్కువ గ్యాస్‌తో గడుపుతున్నారు. ఇది మీరు చేసిన పనుల వల్ల వచ్చింది. మిగతాది ఎండది. ఇంకో వారం గట్టి చలి వచ్చినప్పుడు మళ్లీ లెక్కేస్తే ఇంకా నమ్మకంగా తెలుస్తుంది.

డైరెక్ట్ డెబిట్ (నెలనెలా బ్యాంకు నుంచి ఒకే మొత్తంగా పోయే సొమ్ము) ఇప్పుడే తగ్గించమని అడగొద్దు. ఎండాకాలంలో పోగయ్యే సొమ్ముతోనే చలికాలం బిల్లులు కట్టుకుంటాం. ఆగస్టుకు మీ ఖాతాలో అవసరానికి మించి మిగిలితే అప్పుడు అడగండి.

చెమ్మగోడ | మాంచెస్టర్

అత్తయ్యావాళ్లు వచ్చాక 20 మీదే ఉంచండమ్మా, 21 కావాలంటే 21. రాజమండ్రి ఎండల నుంచి వచ్చి రోజంతా కదలకుండా కూర్చునే పెద్దవాళ్లకు మనం పడే 18 సరిపోదు. చలేస్తోందని మొహమాటానికి చెప్పరు, పడుకుండిపోతారు. మీరు అడిగి తెలుసుకోండి. రాత్రి వాళ్ల గది వాల్వు తగ్గించొద్దు.

గోదారిగట్టు | రీడింగ్

తప్పకుండానండీ. వాళ్లకు వెనక గది అనుకున్నాం. చిక్కేమిటంటే ఆ గది రేడియేటర్ వాల్వు 5 మీద పెట్టినా చల్లగానే ఉంటోంది. మిగతావన్నీ బానే వేడెక్కుతున్నాయి.

బాయిలర్‌పక్కన | బర్మింగ్‌హామ్

పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరినట్టు. రేడియేటర్ తాళంచెవితో బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలి బయటికి వదలాలి, ఆ తర్వాత బాయిలర్ ప్రెషర్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉందో లేదో చూడాలి. మొత్తం చల్లగా ఉంటే వాల్వు లోపలి పిన్ను కిందికి దిగి బిగుసుకుపోయి ఉంటుంది. ఎక్కువకాలం మూసి ఉంచిన గదుల్లో ఇది మామూలే. పైన తల విప్పి పిన్నును మెల్లగా నొక్కి వదిలితే పైకి లేవాలి. పట్టకారుతో పట్టి పైకి లాగారంటే మాత్రం ఊడొచ్చి గదంతా నీళ్లవుతుంది. అద్దె ఇల్లు కదా, ఆ పని ల్యాండ్‌లార్డ్ చేతే చేయించండి.

గోదారిగట్టు | రీడింగ్

మొత్తం చల్లగానే ఉందండీ, పిన్నే అయ్యుంటుంది. ఏజెంటుకు మెయిల్ పెట్టాను, శుక్రవారం మనిషిని పంపిస్తామన్నారు.

బాయిలర్‌పక్కన | బర్మింగ్‌హామ్

మంచిది. ఆ వచ్చినాయన్ని బాయిలర్ ఉన్న వంటింట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూపించమనండి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ నుంచి అది పెట్టాల్సింది ల్యాండ్‌లార్డే. ఏడాదికోసారి చేసే గ్యాస్ సేఫ్టీ చెక్ కాగితం తేదీ కూడా అడగండి, ఏడాది దాటి ఉంటే, ఆయన గ్యాస్ సేఫ్ ఇంజనీరైతే, అదే రోజు చేయించేసుకోవచ్చు.